జాతి లేని మేక: గోలేటి బొగ్గు నేలలో ఒక ఆస్తి చరిత్ర

పశువుల లెక్క రాసే కాగితంలో జాతి అని ఒక గడి ఉంటుంది. ఆవు అయితే ఒంగోలు, దేవణి, పొడ తూర్పు అని రాస్తారు. గొర్రె అయితే దక్కని, నెల్లూరు అని రాస్తారు. గోలేటి చుట్టుపక్కల వాడల్లోని మేక దగ్గరికి వచ్చేసరికి ఆ గడిలో పడేది ఒకటే మాట: 'నాన్ డిస్క్రిప్ట్'. ఫలానా అని చెప్పరానిది అని దాని అర్థం. ఊరోళ్ల భాషలో చెప్పాలంటే జాతి లేనిది. కులం అడిగి మనిషిని కొలిచే దేశంలో జాతి అడిగి మేకను కొలవడం వింతేం కాదు. కాని ఎవరి పశువుకు పేరు దొరికింది, ఎవరి పశువుకు దొరకలేదు, ఎందుకు దొరకలేదు అన్న ప్రశ్న పశువైద్య పుస్తకాల్లో కనబడదు. ఆ ప్రశ్న పట్టుకునే మేము ఈ వ్యాసం మొదలుపెట్టాం.

గోలేటి ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని ఊరు. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సింగరేణి బెల్లంపల్లి ఏరియా అని పేరే గాని, ఆ ఏరియా జనరల్ మేనేజర్ ఆఫీసు ఉన్నది గోలేటి టౌన్‌షిప్‌లో. రామగుండం, గోదావరిఖని గురించి రాసినోళ్లు చాలామంది. గోలేటి గురించి రాసినోళ్లు తక్కువ. ఒకపక్క కైరిగూడ, డోర్లి ఓపెన్‌కాస్టుల మట్టిగుట్టలు, ఇంకోపక్క అడవి, నడుమ కంపెనీ క్వార్టర్లు, వాటి వెనక రేకుల ఇండ్లు, వాటి అవతల పాత పల్లెలు. మాలలు, మాదిగలు, నేతకానివాళ్లు, గోండులు, కోలాములు, రకరకాల బీసీ కులాలు ఈ నేల మీద బతుకుతున్నారు. పొద్దుగూకే యాళ్లకు దళిత ఇండ్ల ముంగట కనబడే ఆస్తి ఏమిటంటే మేకే. రెండో మూడో, మహా అయితే పది. దాన్ని మంద అనడానికి లేదు. మందలు గొల్ల కురుమలవి. మన వాడలో ఉండేది గుంజకు కట్టేసిన మేక.

దీని చరిత్ర రాయాలంటే కాగితం దొరకదు. కంపెనీ టన్నులు రాసుకుంది. అటవీ శాఖ కలప కొలతలు రాసుకుంది. రెవెన్యూవాళ్లు ఎకరాలు, గుంటలు రాసుకున్నారు. మేక ఈ దస్తరాల్లోకి వచ్చిందంటే నేరం చేసినట్టే: పంటలో పడింది, ప్లాంటేషన్‌లో పడింది, బందెల దొడ్డికి తోలారు, జుర్మానా ఇంత. కాబట్టి మేక గురించి సర్కారుకు తెలిసిన చరిత్ర జుర్మానాల చరిత్ర. మిగిలినదంతా మన అమ్మల నోట ఉంది. మేము పెరిగిన ఇండ్లు ఇవే కాబట్టి, ఎక్కడ ఏం వెతకాలో కొంత తెలుసు.

1871 సంవత్సరాన్ని ముందు పెట్టుకుందాం. ఆ ఏడు జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనుక్కున్నాడు. సింగరేణి చరిత్ర అంతా అక్కడినుంచే మొదలుపెట్టి చెపుతారు. అదే ఏడు బ్రిటిష్ ఇండియాలో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి నేరస్త జాతుల చట్టం. దాని గురించి మన పాఠకులకు చెప్పక్కరలేదు. రెండోది పశువుల అతిక్రమణ చట్టం. పరాయి నేలలో అడుగుపెట్టిన పశువును పట్టి దొడ్డిలో పెట్టొచ్చు, జుర్మానా కట్టినాకే వదలాలి అని చెప్పిన చట్టం అది. పశువు అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఏనుగునుంచి మొదలుపెట్టి మేకపిల్ల దాకా అన్నింటినీ పేరుపేరునా చేర్చారు. జాతి గడిలో చోటు దొరకని మేకకు నేరం గడిలో మాత్రం నూటయాభై ఏండ్ల కిందే చోటు దొరికింది. నిజాం రాజ్యానికి ఆ చట్టాలు నేరుగా వర్తించలేదు. కాని హైదరాబాద్ సర్కారు తన సొంత అటవీ చట్టాలను, పుల్లరి రకం పన్నులను తెచ్చుకుంది. మనిషిని, పశువును అడవినుంచి విడదీసే ఆలోచన రెండుచోట్లా ఒకటే.

1886లో లండన్ పెట్టుబడితో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పుట్టింది. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వడం మొదలైంది. 1920 డిసెంబరులో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1920ల చివర్లో కాజీపేట - బల్లార్షా రైలు లైను పూర్తయింది, అదే కాలంలో తాండూరు, బెల్లంపల్లి వైపు గనులు తెరుచుకున్నాయి. ఇక్కడ ఒక లెక్క అడగాలి. గని లోపల కప్పు కూలకుండా నిలబెట్టేది ఏమిటి? దుంగ. ఇనుప సపోర్టులు, రూఫ్ బోల్టులు వచ్చిందాకా లక్షల దుంగలు భూమి కిందికి దిగినయి, చాలావరకు తిరిగి పైకి రాలేదు. రైలు పట్టాల కింద స్లీపర్లు కూడా కలపే. 1930ల చివర్లో సిర్పూరులో కాగితం మిల్లు పెట్టారు, ఆ మిల్లుకు వెదురు కావాలి. ఆసిఫాబాద్ అడవి ఇట్ల గనిలోకి, రైలు కిందికి, కాగితంలోకి పోయింది. అయితే అడవి ఎందుకు పలచబడ్డదని అడిగినప్పుడు చూపుడు వేలు పోయింది మేక మీదికి.

మేక మొలక తింటది. దాన్ని కాదనం. గొర్రె తల వంచి గడ్డి కొరుకుతది, మేక తల ఎత్తి ఆకు అందుకుంటది. పై పెదవి బాగా కదిలేటట్టు ఉండటంతో ముళ్ల నడుమనుంచి చిన్న ఆకును కూడా ఏరుకుంటది. ముందరి కాళ్లు చెట్టుకు ఆనించి నిలబడుతది. చేదు ఆకు, వగరు ఆకు, ఇతర పశువులు ముట్టని తుమ్మ, రేగు, పరిక్కంప దానికి తిండి. ఈ గుణమే దానికి కీర్తి, ఈ గుణమే దానికి నేరం. గడ్డి లేని చోట, బీడులో, బాట పక్కన, మట్టిగుట్ట మొదట్లో బతకగలిగిన పశువు కాబట్టే భూమి లేనోళ్ల ఇంటికి వచ్చింది. అడవి అప్పటికే పలచబడ్డ చోట చివరిదాకా మిగిలే పశువు కూడా అదే కాబట్టి, అడవిని తిన్నది అదేనని చూసినోళ్లకు అనిపిస్తది.

కుమురం భీం పోరాటం గురించి చెప్పేటప్పుడు జల్ జంగల్ జమీన్ అంటాం. ఆ పోరాటం ముందున్న సంగతుల్లో పశువులు మేపినందుకు, కట్టెలు ఏరుకున్నందుకు బంబ్రాం, దూపపెట్టి పేర్లతో వసూలు చేసిన పన్నులు ఉన్నాయి. 1940లో జోడేఘాట్‌లో భీంను చంపారు. ఆ తర్వాత నిజాం సర్కారు హైమెండార్ఫ్‌ను పంపి గిరిజనుల స్థితి మీద నివేదికలు రాయించుకుంది, పట్టాలు ఇవ్వడం కొంత మొదలుపెట్టింది. అడవి అంచున ఉన్న దళితుల మేత గురించి ఎవరూ నివేదిక రాయలేదు. గోండు రైతుకు ఎడ్లు ఉన్నాయి, భూమి మీద పాత హక్కు వాదన ఉంది. మాల, మాదిగ, నేతకాని ఇండ్లకు ఆ వాదన చేసే వీలు కూడా లేకపోయింది. ఇది ఆదివాసుల మీద ఫిర్యాదు కాదు. ఒకే అడవి అంచున ఇద్దరు పేదలు ఉంటే సర్కారు కాగితం ఒకరినే చూసిందని చెపుతున్నాం.

మేక మీద నేరారోపణ స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆగలేదు. అటవీ అధికారుల సభల్లో, ప్రణాళికా పత్రాల్లో మేకలను తగ్గించాలనే మాట మళ్లీ మళ్లీ వచ్చింది. చివరికి కేంద్ర వ్యవసాయ శాఖ ఒక టాస్క్‌ఫోర్స్ వేసి, పర్యావరణపరంగా నాజూకైన ప్రాంతాల్లో గొర్రెలు, మేకల వల్ల ఏం జరుగుతున్నదో తేల్చమంది. దానికి అధ్యక్షుడు మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఆర్థిక శాస్త్రవేత్త సి.హెచ్. హనుమంతరావు. 1987లో వచ్చిన ఆ నివేదిక మేకే పర్యావరణానికి ముప్పు అనడానికి గట్టి సాక్ష్యం లేదని చెప్పింది. తీర్పు వచ్చింది గాని ముద్దాయిని ఎవరూ విడుదల చేయలేదు. 1992లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలై, వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు చాలా ఊర్లలో మొదటి షరతు మేకలు అమ్మేయాలనే. సమితిలో కూర్చున్నది ఎవరు, మేకలున్నది ఎవరికి అని చూస్తే ఆ షరతు బరువు ఎవరి మీద పడిందో అర్థమవుతుంది. అడవిని కాపాడే పనికి కూలి దొరికింది, నిజమే. కూలి నాలుగు నెలలది. మేక ఏండ్ల తరబడి ఉండేది.

ఇప్పుడు ఆ మేక అసలేం చేస్తదో చెప్పాలె. శాస్త్ర పుస్తకంలో 'ఉపయోగాలు' అని నాలుగు ముక్కలుంటయి: పాలు, మాంసం, తోలు, ఎరువు. మా వాడల్లో ఆ క్రమం ఉండదు. మొదటి ఉపయోగం అమ్ముకోవడం. ఎప్పుడంటే అప్పుడు అమ్ముకోవడం. బిడ్డకు జ్వరం, పిల్లగాడికి స్కూలు ఫీజు, షావుకారి తగాదా, బిడ్డ పురుడు. ఆవును అమ్మాలంటే అంగడి దాకా పోవాలె, మొగోడు రావాలె, నలుగురు బేరగాండ్లు చూడాలె. మేకను ఇంటి ముందటికొచ్చిన కటికాయనకు నిలబడిన చోట అమ్మొచ్చు. ఆ బేరం ఆడమనిషే చేస్తది, పైసలు ఆమె కొంగుకే పోతయి. తెలంగాణ దళిత ఇండ్లలో భూమి మొగోడి పేర, క్వార్టర్ మొగోడి పేర, గని నౌకరి మొగోడి పేర ఉంటే, మేక ఒక్కటి అమ్మది. ఏ కాగితం మీదా రాసిలేని ఈ ఆస్తి హక్కు ఎవరూ ఇచ్చింది కాదు. మేక చిన్న జీవం కాబట్టి, దాన్ని మేపడం, కట్టడం, ఆకు కోసుకురావడం ఆడోళ్ల పని కాబట్టి, మొగోళ్లు దాన్ని ఆస్తిగా లెక్క పెట్టలేదు కాబట్టి మిగిలిన హక్కు అది. ఇద్దరు ముగ్గురు పిల్లలను చదివించిన మేకలు మాకు తెలుసు. ఈ పత్రిక నడిపేవాళ్లలో కొందరి డిగ్రీల వెనక కూడా ఉన్నయి.

లెక్క తేలిక. మేక చూడి అయిదు నెలలు. ఒక్క పిల్లకు బదులు రెండు వేయడం మామూలే. తిండి, రోగం బాగుంటే పదునాలుగు పదిహేను నెలల్లో రెండు ఈతలు ఈనుతది. కొనే స్థోమత లేనోళ్లు పాలుకు తెచ్చుకుంటారు: మేక ఆసామిది, మేపే పని మనది, పుట్టిన పిల్లల్లో సగం సగం. గొల్లోళ్ల దగ్గరనో, ఉద్యోగమున్న చుట్టాల దగ్గరనో ఒక పెంటి పిల్లను పాలుకు తెచ్చి, రెండు మూడేండ్లలో సొంత మేకలు చేసుకున్న ఆడోళ్లు వాడకొకరైనా ఉంటారు. పోతుపిల్లకు విత్తులు కొట్టించి పండుగ దాకా పెంచితే బరువు వస్తది, ధర వస్తది. పాలు కొంచెమే, అవి చంటిపిల్లలకు, ముసలోళ్ల చాయకు. గాంధీ తాగిన మేకపాలు చరిత్ర పుస్తకంలోకి ఎక్కినయి. మా నానమ్మల ఇండ్లలో పితికిన పాలకు ఆ భాగ్యం లేదు. పెంటికలు కుప్ప చేసి కూరగాయల మడికో, మందో లేక రైతుకో ఇస్తారు. మాంసం వాళ్లింట్లో ఉడికేది తక్కువ. అమ్మినాక కటికాయన వదిలిపెట్టే తలకాయ, కాళ్లు, బోటి, నల్ల వస్తయి. మేకను పెంచినోళ్లకు మేక లోపలి భాగాలే రుచి తెలియడం వెనక వంట ఇష్టంతో పాటు కులం, పేదరికం రెండూ ఉన్నయి.

తోలు దగ్గర కాసేపు ఆగాలె. నిజాం కాలపు వెట్టిలో గొల్లలు దొరకు గొర్రెలు ఇవ్వాలె, మాదిగలు చెప్పులు, మోట తోలు ఇవ్వాలె. దొర ఇంటికి సుట్టాలొస్తే వాడలోని కోడి, మేక అడగకుండానే పోయేటియి. అట్ల పోయిన మేక తోలు మాత్రం మళ్లీ మాదిగోళ్ల చేతికి వచ్చేది, పనిగా. ఆ తోలుతోనే డప్పు. సున్నంలో నానబెట్టి, బొచ్చు గీకి, చింతగింజల జిగురుతో చెక్క వలయానికి సాగదీసి అతికి, ఎండనిచ్చి, వాయించే ముందు మంట సెగకు కాచే ఈ పనిలో ఎంత రసాయన శాస్త్రం ఉందో, ఎంత ధ్వని శాస్త్రం ఉందో చెప్పే పాఠం ఏ బడిలోనూ లేదు. బైండ్లవాళ్ల జమిడికకూ తోలు కావాలె. ఏ పశువు తోలుకు ఏ మోత వస్తదో, ఎండలో చచ్చిన జీవం తోలు ఎందుకు పగులుతదో తెలిసినోళ్లు ఇంకా కొందరు ఉన్నారు. ఫైబర్ డప్పులు వచ్చినాక వాళ్ల దగ్గరికి పోయేవాళ్లు తగ్గిండ్రు.

ఈ తోలు ప్రపంచాన్ని కూడా చూసింది. దక్షిణ భారత మేకతోళ్లు తంగేడు చెక్కతో ఊనబడి మద్రాసు రేవునుంచి ఓడలెక్కేవి. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ క్రోమ్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో రాబర్ట్ ఫోర్డరర్ మేకతోలుతో మెత్తని, మెరిసే బూటు తోలు చేసి 'విసి కిడ్' పేరుతో అమ్మాడు. అప్పటినుంచి ఇండియా పచ్చి మేకతోళ్లకు అక్కడ గిరాకీ పెరిగింది. మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1900ల మొదట్లో క్రోమ్ ఊనకం ప్రయోగాలు చేసింది ఈ నేపథ్యంలోనే. తోలు పనిని అంటరానిదన్న సమాజమే తోలు వ్యాపారంలో లాభం అంటరానిదని ఎన్నడూ అనలేదు. కల్లాల్లో, గుంటల్లో దిగి ఊనింది దళితులు, ఓడకు ఎక్కించింది వేరేవాళ్లు. పదేండ్లుగా మాత్రం పచ్చి తోలు ధర బాగా పడిపోయింది, మేకను కోసినచోట తోలుకు బేరం లేక పారేసిన రోజులు కూడా చూశాం.

మళ్లీ జాతి గడి దగ్గరికి వద్దాం. పశువుకు జాతి అనే ఆలోచన, వంశవృక్షం రాసి పెట్టే పుస్తకం, ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దంలో రాబర్ట్ బేక్‌వెల్ లాంటి పెద్ద రైతుల పనినుంచి బలపడ్డాయి. దానికి కంచె వేసిన భూమి కావాలె, పోతును వేరుగా ఉంచే దొడ్డి కావాలె, రాసి పెట్టుకునే తీరిక కావాలె. ఈ మూడూ లేని చోట జాతి నిలబడదని కాదు, జాతి ఉందని రుజువు చేయడం కష్టం. యమునా తీరపు జమునాపారి మేకలను ఇంగ్లండుకు తీసుకపోయి అక్కడి మేకలతో, ఈజిప్టు మేకలతో కలిపి ఆంగ్లో-న్యూబియన్ అనే జాతి తయారుచేసుకున్నారు. కలిపి కలిపి చేసిన ఆ మేకకు స్టడ్ బుక్కు ఉంది, పేరుంది. గోలేటిలో కలిసిన మేకకు పేరు లేదు. సంకరానికి కూడా వర్గం ఉంటుందన్నమాట.

మన దేశంలో 1979లో మధుర దగ్గర మఖ్దూంలో కేంద్ర మేకల పరిశోధన సంస్థ వచ్చింది. 1984లో పశు జన్యు వనరుల బ్యూరో పెట్టారు, అది తర్వాత కర్నాల్‌కు మారింది. ఆ బ్యూరో గుర్తించిన మేక జాతులు ఇప్పుడు నలభై అటుఇటు ఉన్నాయి. బీటల్, బార్బరీ, జమునాపారి, బ్లాక్ బెంగాల్, మలబారీ, సంగమ్‌నేరీ, గంజాం. మాకు దగ్గరివి రెండు. ఒకటి ఉస్మానాబాదీ. ఎక్కువగా నల్లది, కరువుకు ఓర్చేది, కవలలు ఎక్కువ వేసేది, మాంసానికీ పాలకూ పనికొచ్చేది. ఉస్మానాబాద్ 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లానే, మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదిదే. 2023లో జిల్లా పేరు ధారాశివ్ అయింది, మేక పేరు మాత్రం పాతదే ఉంది. రెండోది విదర్భ బేరారీ: అకోలా, అమరావతి, వార్ధా, నాగపూర్ వైపు మేక. వార్ధా, ప్రాణహిత దాటితే మన ఆసిఫాబాద్. ఈ రెండింటి నడుమ, పెళ్లిళ్లకు కట్నంగా, అంగట్ల బేరంగా, పాలు పంపకంగా నదులు దాటి వచ్చిన మేకల రక్తం మన మేకలో ఉంది. మహారాష్ట్ర విశ్వవిద్యాలయాలు కొలిచి, తూచి, కాగితం పెట్టినయి కాబట్టి అటు పేరు వచ్చింది. ఇటు కొలిచినవాళ్లు తక్కువ. దేశంలోని మేకల్లో ఎక్కువ భాగం నేటికీ పేరులేనివే కాబట్టి ఇది మన ఒక్కరి సమస్య కాదు. కాని పథకాలు, పోతుల పంపిణీ, బ్యాంకు విలువ కట్టడం అన్నీ పేరున్న జాతి చుట్టే తిరుగుతున్నప్పుడు, పేరు లేకపోవడం ధర లేకపోవడమే.

పశు శాఖ ఒక దశలో ఆల్పైన్, సానెన్ లాంటి చలిదేశపు పోతులతో సంకరం చేయించే ప్రయోగాలు చేసింది. పాలు పెరిగినయి, బతికే శక్తి తగ్గింది. మా వైపు ఎండకు, కంప చెట్టుకు, నీళ్లు లేని నడకకు తట్టుకునే మేక ఆడోళ్ల ఎంపికనుంచి వచ్చింది. ఏ మేక రెండు పిల్లలేస్తది, ఏది పిల్లకు పాలు చేపుతది, ఏది కంచె దూకదు, ఏ పోతును ఉంచాలె, ఏ పోతును అమ్మాలె అని ప్రతి ఏడూ నిర్ణయించింది వాళ్లే. పశు శాస్త్రంలో దీన్ని ఎంపిక ప్రజననం అంటారు. ఇంట్లో చేస్తే దానికి పేరు లేదు.

రోగాల సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాం. మేకలకు గాలికుంటు, చిటుక రోగం పాత శత్రువులు. పీపీఆర్ అనే పారుడు రోగాన్ని మన దేశంలో మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులోని అరసూరు ఊరిలో. టీకా ఉంది, ఒక్క టీకా కొన్ని ఏండ్లు కాపాడుతుంది. 2030 నాటికి ప్రపంచంనుంచి ఈ రోగాన్ని తుడిచిపెట్టాలని అంతర్జాతీయ లక్ష్యం కూడా ఉంది. మందలున్న చోటికి టీకా బండి పోతది. మూడు మేకలున్న వాడకు ఎవరైనా పిలిస్తేనే వస్తది. పది మేకల్లో మూడు చస్తే నష్టం, మూడింట్లో మూడు చస్తే ఆ యేడు పిల్లగాడి చదువు ఆగుతది.

గని బతుకులోకి మేక ఎట్ల వచ్చింది? పల్లెలు వదిలి బొగ్గు బాయిలకు వచ్చినోళ్లలో దళితులు పెద్ద భాగం. వెట్టినుంచి తప్పించుకోవడానికి, నెలకు జీతం కోసం వచ్చిండ్రు. భూమి రాలేదు, మేక వచ్చింది. మొగోడు మూడో షిఫ్టుకు పోతే ఆడది మేకను పట్టుకొని బీడుకు పోయేది. బాయి మీద మైసమ్మకు పోతును కోయడం గని సంస్కృతిలో భాగమైపోయింది. గుడి ప్రాంగణంలో జంతుబలిని నిషేధించే చట్టం మద్రాసు రాష్ట్రంలో 1950లోనే వచ్చింది, తర్వాత తెలంగాణకూ విస్తరించింది. అయినా భూమి కిందికి దిగే మనిషి భయం చట్టానికి లొంగలేదు. దసరాకు గని బస్తీల్లో ఎంత మాంసం కోస్తరో చూసినోళ్లకు తెలుసు. ఆ మాంసం వెనక వాడల్లో ఏడాది పొడుగునా పెంచిన ఆడోళ్ల చాకిరీ ఉంది.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేలకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు నలభై వేల అటుఇటు. నడుమ గోల్డెన్ షేక్‌హ్యాండులు, వారసత్వ ఉద్యోగాల ఆగింపులు, భూగర్భ గనుల మూసివేతలు. 1975లో రామగుండంలో మొదలైన ఓపెన్‌కాస్టు పద్ధతి క్రమంగా బెల్లంపల్లి ఏరియా దాకా వచ్చింది. భూగర్భ గనికి మనుషులు కావాలె, పైన భూమి చాలావరకు మిగులుతది. ఓపెన్‌కాస్టుకు యంత్రాలు కావాలె, భూమి మొత్తం కావాలె. అంటే ఒకేసారి నౌకరీ పోయింది, బీడూ పోయింది. నౌకరీ పోయిన ఇంట్లో మేకలు పెరగాల్సిన కాలంలోనే మేత తగ్గింది. తవ్వి పోసిన మట్టిగుట్టల మీద కంపెనీ మొక్కలు నాటుతుంది, ఆ మొక్కల చుట్టూ కాపలా ఉంటుంది, పట్టుబడ్డ మేక మళ్లీ 1871 నాటి తర్కంలోకే పోతుంది.

పరిహారం మాటకొస్తే, భూసేకరణ పాత చట్టమైనా, 1957 నాటి బొగ్గు ప్రాంతాల చట్టమైనా చూసేది భూమి మీద హక్కున్నవాణ్ణి. ఊరుమ్మడి బీడు సర్కారుది, కాబట్టి సర్కారు సర్కారుకు ఇచ్చుకుంది. అందులో మేపినోళ్ల పేరు రాదు. 2013 చట్టం మొదటిసారి భూమి లేకపోయినా ఆ నేల మీద బతికే కుటుంబాన్ని బాధిత కుటుంబం అంది. అయితే సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ నేలే ముఖ్య జీవనాధారం అని చూపాలె. మేక మేపినట్టు రశీదు ఎవరిస్తరు? జుర్మానా కట్టిన చీటి ఒక్కటే ఆధారం. మన కార్యకర్తలు ఈ మాటను నవ్వులాటగా తీసుకోవద్దు. పాత బందెల దొడ్డి చీటీలు దొరికితే దాచండి. అవి హక్కు కాగితాలు.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో మేత హక్కు స్పష్టంగా ఉంది. గోండు, కోలాము ఊర్లు దాన్ని అడగొచ్చు. దళితులు 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు' కింద వస్తారు. వాళ్లు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే డెబ్భై అయిదేండ్లు అక్కడ ఉన్నట్టు చూపాలె. అంటే 1930 నాటికి ముందునుంచి. గని వెంట వచ్చిన కుటుంబాలు ఏ ఏడు వచ్చాయో చెపితే చాలు, దరఖాస్తు పడిపోతుంది. ఇక్కడ పాతనుంచీ ఉన్న నేతకాని, మాల కుటుంబాలకు కూడా అంత పాత కాగితం ఉండదు. అందుకే మన వాడల్లో వ్యక్తిగత పట్టా దరఖాస్తుల మీద తిరిగినంతగా సామూహిక మేత హక్కు మీద ఎవరూ తిరగలేదు. ఆదివాసీ ఊర్లతో కలిసి ఒకే గ్రామసభనుంచి సామూహిక హక్కు అడిగే దారి మిగిలి ఉంది. అది తేలిక దారి కాదు, కాని వేరే దారి మాకు కనబడలేదు.

అడవి అంచు ఇప్పుడు ఇంకో మలుపు తిరిగింది. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యం చేశారు. మహారాష్ట్రలోని తాడోబానుంచి పులులు ప్రాణహిత దాటి వస్తున్నాయి. 2020 నవంబరులో, మళ్లీ 2024 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడిలో మనుషులు చనిపోయారు. 2025 మే నెలలో ఇచ్చిన జీవో 49 కుమురం భీం పేరుతోనే కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించింది, ఆదివాసుల నిరసనతో జూలైలో దాన్ని నిలిపివేశారు. మేకను చంపిన పులికి పరిహారం అడగాలంటే అడవి లోపల మేపలేదని నిరూపించుకోవాల్సిన తిప్పలు వాడోళ్లవి.

ఇక పథకాల సంగతి. 1980నుంచి దేశమంతా నడిచిన ఐఆర్‌డీపీలో, ఎస్సీ కార్పొరేషన్ రుణాల్లో దళితులకు ఎక్కువగా పాడి గేదెలు అంటగట్టారు. గడ్డి లేని ఇంటికి గేదె వస్తే ఏమైతదో అందరికీ తెలుసు: గేదె పోయింది, అప్పు మిగిలింది. తెలంగాణ వచ్చినాక 2017 జూన్ 20న గొర్రెల పంపిణీ మొదలైంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, లక్షా ఇరవై అయిదు వేల యూనిట్, డెబ్భై అయిదు శాతం సబ్సిడీ. లబ్ధిదారులు గొల్ల, కురుమ సొసైటీ సభ్యులు. గొల్ల కురుమలకు ఇచ్చినందుకు మాకు ఏ కష్టమూ లేదు. వాళ్ల జ్ఞానానికి, చాకిరీకి ఆ మాత్రం గుర్తింపు ఆలస్యంగానే వచ్చింది, దాన్ని కూడా దళారులు, దొంగ బిల్లులు తినేశాయని కాగ్ నివేదిక, తర్వాతి కేసులు చెపుతున్నాయి. మా ప్రశ్న వేరే. 2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు కోటీ తొంభై లక్షలు, మేకలు దాదాపు నలభై తొమ్మిది లక్షలు. గొర్రెకు కులం ఉందని సర్కారుకు తెలిసింది, కాబట్టి ఆ కులానికి పథకం ఇచ్చింది. నలభై తొమ్మిది లక్షల మేకలు ఎవరివి? వాటికీ కులం ఉంది, అంతకంటే ఎక్కువగా ఆడతనం ఉంది. ఆ రెండూ కలిసినచోట పథకం గీసేవాళ్ల చూపు ఆనలేదు. 2021లో వచ్చిన దళితబంధు కుటుంబానికి పది లక్షలు అంది. కార్లు, ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, డెయిరీ యూనిట్లు కనబడ్డాయి. మూడు మేకలతో మొదలుపెడతానన్న ముసలమ్మకు పది లక్షల ప్రాజెక్టు రిపోర్టు ఎట్ల రాయాలో ఎవరికీ తెలియలేదు.

బహుజన రచనలో కూడా ఈ ఖాళీ ఉంది. 1996లో కంచ ఐలయ్య పుస్తకం వచ్చినాక గొర్రెల కాపరుల జ్ఞానం గురించి విద్యావంతులు మాట్లాడటం నేర్చుకున్నారు. మాదిగల తోలు జ్ఞానం గురించి దండోరా తర్వాత మాట్లాడుతున్నాం. మేక మాత్రం ఏ కులానికీ కులవృత్తిగా రాలేదు కాబట్టి, ఏ కుల సంఘం జెండా మీదికీ ఎక్కలేదు. మొగోళ్లు రాసిన చరిత్రల్లో మేకకు చోటు లేకపోవడానికి మనమూ కొంత కారణం.

2024 అక్టోబరు 25న 21వ పశుగణన మొదలైంది. ఈసారి కాగితంలో పశువుల పనిలో ముఖ్యంగా ఉన్నది ఆడమనిషా, మగమనిషా అని రాసే వీలు పెట్టారు. సంచార పశుపోషకులను కూడా మొదటిసారి లెక్కలోకి తీసుకున్నారు. గోలేటి వాడల్లో ఎన్యూమరేటర్లు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరున్నారు, మేకలు ఎవరివని చెప్పారు, ఏం రాసుకున్నారు అని మేము ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాం. కొన్ని ఇండ్లలో మొగోడి పేరే చెప్పామని ఆడోళ్లే అంటున్నారు. ఎందుకని అడిగితే, రేషన్ కార్డు ఆయన పేర ఉంది కదా అంటున్నారు. రెబ్బెన, తాండూరు, బెల్లంపల్లి, కాసిపేట మండలాల్లో ఉన్న విద్యార్థులు, టీచర్లు ఈ లెక్క తీయడంలో మాతో కలవాలని కోరుతున్నాం. మేకల సంఖ్యతో పాటు పాలు ఒప్పందాలు, ఎక్కడ మేపుతున్నారో ఆ బీడుల పేర్లు, కట్టిన జుర్మానాల చీటీలు కూడా రాసుకురండి.